కొరత కడుపున పుట్టే మిగులు

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. అమెరికాకు చెందిన మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ 2018 ఆగస్టుతో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో 1,414 కోట్ల డాలర్ల నికర లాభం గడించింది. అప్పటిదాకా ఆ కంపెనీ అంత లాభం కళ్ళజూసింది లేదు. అయినా ఆ ఏడాది మే చివర్లో 60 డాలర్లు దాటిన దాని షేరు డిసెంబరు ఆఖరుకల్లా దాదాపు సగానికి పడిపోయింది. అయిదేళ్ళ తర్వాత కథ తలకిందులైంది. 2023 ఆగస్టుతో ముగిసిన సంవత్సరంలో అదే కంపెనీ 583 కోట్ల డాలర్ల నష్టం చూపింది. దాని చరిత్రలో అంతటి నష్టం అంతకు ముందెన్నడూ లేదు. షేరు మాత్రం 2023 మొదట్లో 50 డాలర్ల దగ్గర ఉన్నది, ఏడాది తిరిగేసరికి 85 డాలర్లకు చేరింది. లాభాలొస్తే పడిపోయి, నష్టాలొస్తే లేచే ఈ షేర్ల వెనక ఏదైనా లెక్క ఉందా, ఉంటే దాంతో రాబోయేది ముందే చెప్పొచ్చా అన్నది ప్రశ్న. లెక్క ఉంది, చాలా అందమైన లెక్క. దాని సాయంతో చక్రం ఆకారం చెప్పగలం, తేదీ చెప్పలేం. ఈ రెండింటికీ కారణం ఒక్కటే: ఆలస్యం. ఆర్డరు పెట్టిన రోజుకూ సరకు చేతికందే రోజుకూ మధ్య ఉండే వ్యవధే ఈ రంగంలో ఎగుడుదిగుళ్ళను పుట్టిస్తుంది. మలుపు ఎప్పుడో తెలియకుండా చేసేదీ అదే.

ముందుగా నాలుగు ముక్కల్లో నేపథ్యం. సిలికాన్ పలక (వేఫర్) చిప్‌ల ఫ్యాక్టరీ అయిన ఫ్యాబ్‌లోకి వెళ్ళాక చిప్‌లుగా మారి బయటికి రావడానికి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఉన్న ఫ్యాబ్‌లోనే కొత్త యంత్రాలు తెప్పించి, బిగించి, దిగుబడి నిలకడకు తేవాలంటే దాదాపు ఏడాది. ఖాళీ స్థలంలో కొత్త ఫ్యాబ్ కట్టాలంటే రెండు మూడేళ్ళు, వెయ్యి కోట్ల నుంచి రెండు వేల కోట్ల డాలర్లు. ఆ ఖర్చులో సింహభాగం ముందే పెట్టేసిన పెట్టుబడి. నడిపినా ఆపినా దాని భారం తప్పదు కాబట్టి ధర పడినా ఉత్పత్తి వెంటనే తగ్గదు. ఫలితం అమ్మకాల్లో కనిపిస్తుంది. ప్రపంచ చిప్‌ల అమ్మకాలు 2000లో 20,400 కోట్ల డాలర్లు, 2001లో 13,900 కోట్లు. ఒక్క ఏడాదిలో 32 శాతం ఆవిరైంది. 2018లో 46,900 కోట్లు, మరుసటేడు 41,200 కోట్లు. 2022లో 57,400 కోట్లు, 2023లో 52,700 కోట్లు, 2024లో 62,800 కోట్లు. చిప్‌ల వాడకం ఈ కాలమంతటా పెరుగుతూనే ఉంది. వాడకం నిదానంగా పెరుగుతుంటే అమ్మకాలు ఇలా ఎగిరిపడుతున్నాయంటే, ఆ ఎగిరిపాటు వాడేవాళ్ళ నుంచి రావడం లేదన్నమాట. అది చిప్ తయారయ్యే చోటికీ వాడే చోటికీ మధ్య ఉన్న గొలుసులోనే పుడుతోంది.

ఇలాంటి చక్రాన్ని మొదట గమనించింది పందుల పెంపకంలో. జర్మన్ ఆర్థికవేత్త ఆర్థర్ హనావ్ 1920ల చివర్లో పంది మాంసం ధరల లెక్కలు తీసి, అవి క్రమం తప్పకుండా లేచి పడుతున్నాయని చూపించాడు. ధర బాగుంటే రైతులు ఎక్కువ పందుల్ని పెంచుతారు, అవి ఎదిగి సంతకొచ్చేసరికి ధర కూలుతుంది, పెంపకం తగ్గుతుంది, మళ్ళీ ధర లేస్తుంది. మిర్చికి మంచి ధర పలికిన మరుసటేడు సాగు పెరగడం, ఆపైన ధర పడిపోవడం చూసిన గుంటూరు, ఖమ్మం రైతులకు ఇందులో కొత్తేమీ లేదు. 1938లో అమెరికన్ ఆర్థికవేత్త మొర్డెకాయ్ ఎజికీల్ ఈ ఆలోచనను సాలెగూడు సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. గిరాకీ, సరఫరా రేఖల మధ్య ధర గూడు అల్లినట్టు తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. పాఠ్యపుస్తకాలన్నీ ఈ బొమ్మనే పట్టుకున్నాయి. చిప్‌ల విషయంలో ఇది సరిపోదు. ఈ బొమ్మలో ఏడాదికొక పంట, ఏడాదికొక నిర్ణయం. ధర ఒక ఏడు పైన, మరుసటేడు కింద ఉండాలి. చిప్‌ల రంగంలో నిర్ణయాలు ప్రతి వారం జరుగుతాయి, సరకు ప్రతి వారం వస్తుంది. అక్కడ కనిపించేది ఏడాది విడిచి ఏడాది ఊపు కాదు, ఏళ్ళ తరబడి నిదానంగా లేచి పడే అల.

ఆ అలకు సరైన గణితం రాసింది డచ్ ఆర్థికవేత్త యాన్ టిన్‌బెర్గెన్, 1931లో, ఓడల నిర్మాణం గురించి. తర్వాత 1969లో ఆర్థికశాస్త్రంలో ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతిని రాగ్నార్ ఫ్రిష్‌తో పంచుకున్నది ఈయనే. టిన్‌బెర్గెన్ సమీకరణం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: నేడు ఓడల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతోంది అన్నది కొంతకాలం కిందట ఓడలకు ఎంత కొరత ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ కొంతకాలమే ఓడ కట్టడానికి పట్టే ఆలస్యం. ఈ ఒక్క వాక్యం నుంచి ఒక అద్భుతమైన ఫలితం వస్తుంది. ఊపు పెరగకుండా, తరగకుండా నిలకడగా సాగేటప్పుడు ఒక పూర్తి చక్రానికి పట్టే కాలం ఆలస్యానికి సరిగ్గా నాలుగు రెట్లు. ఊపు చల్లారుతున్నా పెరుగుతున్నా ఈ నాలుగు కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. ఓడలకు ఆలస్యం దాదాపు రెండేళ్ళని లెక్కవేస్తే ఎనిమిదేళ్ళ చక్రం రావాలి. టిన్‌బెర్గెన్ చూపిన నౌకా నిర్మాణ చక్రం ఇంచుమించు అదే.

నాలుగే ఎందుకు? దీనికి కలనగణితం అక్కర్లేదు, అలను నాలుగు పాదాలుగా విడగొట్టి చూస్తే చాలు. కొరత శిఖరాన ఉన్న రోజున ఆర్డర్లూ శిఖరాన ఉంటాయి. ఆ ఆర్డర్లు ఓడలుగానో యంత్రాలుగానో మారి వచ్చేది ఒక ఆలస్యం తర్వాత. కాబట్టి సరఫరా అన్నిటికన్నా వేగంగా పెరిగేది ఆ రోజునే. ఏ అలైనా అత్యంత వేగంగా కదిలేది శిఖరం దగ్గరా కాదు, లోయ దగ్గరా కాదు, నడిమి గీతను దాటేటప్పుడు. అంటే కొరత పూర్తిగా తీరిపోయి సమతూకం వచ్చిన రోజునే కొత్త సరకు వరదలా వచ్చిపడుతుంది. కొరత శిఖరం నుంచి సమతూకానికి ఒక ఆలస్యం పట్టింది. ఆగిపోవాల్సిన రోజున సరఫరా తన గరిష్ఠ వేగంతో దూసుకుపోతోంది కాబట్టి మిగులు పేరుకుంటుంది. సమతూకం రోజున కొత్త ఆర్డర్లు సున్నాకు వచ్చాయి గనక ఆ ఫలితం కనిపించడానికి, అంటే మిగులు శిఖరానికి, మరో ఆలస్యం. అక్కణ్ణుంచి తిరిగి సమతూకానికి ఒకటి, మళ్ళీ కొరత శిఖరానికి ఒకటి. మొత్తం నాలుగు. ఇందులో మూర్ఖుడెవడూ లేడు, అత్యాశాపరుడూ లేడు. ప్రతి ఒక్కరూ కళ్ళ ముందున్న కొరతకు సబబుగానే స్పందించారు. మిగులును కన్నది కొరతే. ఈ రంగంలో కొరత తీవ్రంగా ఉన్నప్పుడే మిగులుకు బీజం పడుతుందన్న మాట నినాదం కాదు, సమీకరణం చెప్పే ఫలితం.

అదే సమీకరణంలో ఇంకో రహస్యం ఉంది. ఏడాదికి లోటులో ఎంత భాగాన్ని పూడ్చాలని కంపెనీలు తెగబడతాయో ఆ తీవ్రతను, ఏళ్ళలో కొలిచిన ఆలస్యంతో గుణించండి. వచ్చిన సంఖ్య దాదాపు 1.57 కంటే తక్కువైతే ఊపులు క్రమంగా చల్లారుతాయి. దాటితే ఒకదాన్ని మించి ఒకటి పెరుగుతాయి. ఆ 1.57 గణితంలోని పై (π) విలువలో సగం. చక్రం ఉందా లేదా అని మాత్రమే అడిగేవారు ఈ సంఖ్యను పట్టించుకోరు. నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. ఎందుకంటే చిప్‌ల రంగంలో తీవ్రత, ఆలస్యం రెండూ స్థిరంగా ఉండవు. కొరత వచ్చినప్పుడు రెండూ కలిసి పెరుగుతాయి. ఎలాగో ఒక చిన్న లెక్కతో దగ్గరగా చూద్దాం.

కార్లకు ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే ఒక ఫ్యాక్టరీ వారానికి 100 చిప్‌లు వాడుతుందనుకోండి. ఆర్డరు పెట్టిన 13 వారాలకు చిప్‌లు వస్తాయి. పని ఆగకూడదంటే ఎప్పుడూ 1,300 చిప్‌లు దారిలో ఉండాలి. ఇప్పుడు సరఫరాదారు గడువును 27 వారాలకు పెంచాడు. దారిలో ఉండాల్సినవి 2,700. ఫ్యాక్టరీ మేనేజరు ఆ వారం మామూలు 100తో పాటు అదనంగా 1,400 చిప్‌లకు ఆర్డరు పెడతాడు. కార్లు కొనేవారిలో ఒక్కరూ పెరగలేదు, ఆర్డరు మాత్రం ఆ వారం 15 రెట్లయింది. చిప్ కంపెనీకి కనిపించేది ఈ 1,500 అంకే. దాన్ని చూసి గిరాకీ పేలిపోతోందనుకుని గడువు ఇంకా పెంచుతుంది, దాంతో మరిన్ని ఆర్డర్లు వస్తాయి. కొన్నాళ్ళకు కొరత తీరి గడువు మళ్ళీ 13 వారాలకు వచ్చిందనుకోండి. దారిలో 2,700 ఉన్నాయి, కావాల్సింది 1,300. మేనేజరు చేయాల్సిన పని ఒక్కటే: 14 వారాల పాటు ఒక్క చిప్‌కు కూడా ఆర్డరు పెట్టకుండా ఊరుకోవడం. ఆ 14 వారాలూ ఫ్యాక్టరీ రోజూ నడుస్తుంది, వారానికి 100 చిప్‌లు వాడుతూనే ఉంటుంది. చిప్ కంపెనీకి మాత్రం కొనేవాళ్ళందరూ ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తుంది. ఈ 13, 27 ఊహించి వేసిన అంకెలు కావు. సస్క్వెహన్నా ఫైనాన్షియల్ గ్రూప్ లెక్క ప్రకారం కరోనాకు ముందు చిప్‌ల సగటు గడువు ఇంచుమించు 13 వారాలుండేది, 2022 వేసవి నాటికి 27 వారాల దగ్గరకు చేరింది.

మేనేజరు కాస్త తెలివైనవాడైతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. సరఫరాదారు ఆర్డర్ల నిష్పత్తిలో సరకు పంచుతున్నాడని అతనికి తెలుసు. 100 కావాలంటే 200 అడుగుతాడు. లేదా ఇద్దరి దగ్గర ఆర్డరు పెట్టి, ముందు ఇచ్చినవాడి దగ్గర తీసుకుని రెండోవాడిది రద్దు చేస్తాడు. ఈ లేని గిరాకీని 1924లోనే థామస్ మిచెల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త వివరించాడు. సరకు దొరకనప్పుడు దుకాణదారులు అవసరానికి మించి ఆర్డర్లు పెడతారనీ, తయారీదారు ఆ భ్రమను నమ్మి ఫ్యాక్టరీ పెంచుతాడనీ ఆయన రాశాడు. 77 ఏళ్ళ తర్వాత నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో సరిగ్గా అందులో పడింది. ఖాతాలను ఒక్కరోజులో ముగించగల సమాచార వ్యవస్థ తమదని చెప్పుకున్న కంపెనీ అది. 2001 వసంతంలో అవసరం లేని సరకు కింద దాదాపు 225 కోట్ల డాలర్లను ఖాతాల నుంచి కొట్టేయాల్సి వచ్చింది. సమాచారం వేగంగా రావడం వేరు, వచ్చినది నిజం కావడం వేరు. ఆర్డర్ల పుస్తకంలో నిజమైన ఆర్డరూ భ్రమ ఆర్డరూ ఒకే సిరాతో ఉంటాయి.

ఇప్పుడు రెండు లెక్కల్నీ కలపండి. కొరత వచ్చిన కొద్దీ గడువులు సాగుతాయి, అంటే ఆలస్యం పెరుగుతుంది. భ్రమ ఆర్డర్లు చేరి తీవ్రత పెరుగుతుంది. వాటి లబ్ధం 1.57 గీతను దాటుతుంది. మంచి రోజుల్లో చల్లారిపోయే అల, కొరత రోజుల్లో రెచ్చిపోతుంది. ఆలస్యం సాగితే చక్రం కాలమూ సాగుతుంది. అందుకే ఈ రంగానికి క్యాలెండరు పెట్టాలని చూసినవారంతా బోల్తాపడ్డారు. సిలికాన్ చక్రం నాలుగేళ్ళదని చాలాకాలంగా నానుడి ఉంది, దాని శిఖరాన్ని ఒలింపిక్స్ జరిగే ఏడాదితో ముడిపెట్టినవాళ్ళూ ఉన్నారు. యంత్రాల ఆలస్యం ఏడాది గనక నాలుగేళ్ళ చక్రం సహజంగానే రావాలి. 2015, 2019, 2023 సంవత్సరాల్లో అమ్మకాలు తగ్గడం చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. ఇంకాస్త వెనక్కి వెళ్తే మాత్రం 1985, 1996, 1998, 2001, 2008, 2009, 2012 కనిపిస్తాయి. మధ్య దూరాలు 11 ఏళ్ళు, 2, 3, 7, 1, 3. ఒలింపిక్స్ జరిగిన 1996, 2008, 2012 మూడూ తగ్గుదల ఏళ్ళే. గడియారం ముల్లు పొడవు తిరుగుతూ తిరుగుతూ మారిపోతుంటే దాంతో సమయం చెప్పలేం.

వృత్తిగా అంచనాలు వేసేవారి రికార్డు కూడా ఇదే చెబుతుంది. పరిశ్రమ లెక్కలు సేకరించే వరల్డ్ సెమీకండక్టర్ ట్రేడ్ స్టాటిస్టిక్స్ సంస్థ 2022 జూన్‌లో ఆ ఏడాది అమ్మకాలు 16.3 శాతం, 2023లో మరో 5.1 శాతం పెరుగుతాయంది. ఆరు నెలలు తిరగకముందే 2023 అంచనాను 4.1 శాతం తగ్గుదలగా మార్చింది. 2023 జూన్ వచ్చేసరికి 10.3 శాతం తగ్గుదల అంది. చివరికి 2022లో వచ్చిన పెరుగుదల మూడు శాతం పైచిలుకు, 2023లో తగ్గింది 8.2 శాతం. ముందు అతి ఆశ, తర్వాత అతి నిరాశ. ఇది ఆ సంస్థ అసమర్థత కాదు. అంచనాలకు ముడిసరకు కంపెనీలిచ్చే ఆర్డర్ల సమాచారమే. ఆ ఆర్డర్లే భ్రమతో ఉబ్బినప్పుడు అంచనా ఉబ్బుతుంది, ఆర్డర్లు 14 వారాలు ఆగిపోయినప్పుడు అంచనా కుంగిపోతుంది. వచ్చిన ఆర్డర్లను పంపిన సరకుతో భాగించి పరిశ్రమ భవిష్యత్తు చెప్పే నిష్పత్తి ఒకటి 1990లలో వాల్ స్ట్రీట్‌ను ఊపేసింది. అమెరికా సెమీకండక్టర్ పరిశ్రమ సంఘం 1996 చివర్లో దాన్ని ప్రకటించడమే మానేసింది. కొలబద్దే అలతో పాటు సాగిపోతుంటే కొలతకు విలువ లేదు.

ఇక షేర్ల సంగతి. చిప్ కంపెనీల షేర్లను కొలిచే ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ సూచీ 2022లో మూడో వంతుకు పైగా పడిపోయింది. అదే ఏడాది చిప్‌ల అమ్మకాలు అప్పటిదాకా ఎన్నడూ లేనంత. 2023లో అమ్మకాలు 8 శాతం తగ్గాయి, సూచీ మాత్రం దాదాపు 65 శాతం లేచింది. మార్కెట్ పిచ్చిదేమీ కాదు. అలను మళ్ళీ చూడండి. అల ఎత్తు శిఖరాన్ని తాకడానికి ఒక పాదం ముందే దాని వేగం శిఖరాన్ని తాకుతుంది. ఎత్తు గరిష్ఠమైన రోజున వేగం సున్నా. షేరు కొనేవాడు నేటి అమ్మకాలను కొనడం లేదు, అవి ఎటు పోతున్నాయో దాన్ని కొంటున్నాడు. షేరు ధరలో స్థాయి కొంత, వేగం కొంత కలిసి ఉంటాయి గనక అది అమ్మకాల కంటే ముందు నడుస్తుంది, పూర్తి పాదం కాకపోయినా అందులో కొంత. ఈ సూచీ 2021 డిసెంబరులో శిఖరాన్ని తాకింది, నెలసరి అమ్మకాలు 2022 వేసవిలో తాకాయి. సూచీ 2022 అక్టోబరులో అడుగుకు చేరింది, అమ్మకాలు 2023 తొలి నెలల్లో చేరాయి. రెండుసార్లూ ఇంచుమించు అర్ధ సంవత్సరం తేడా. పాఠకుడి ప్రశ్నకు జవాబు ఇదే. మైక్రాన్ లాభం శిఖరాన ఉన్న 2018లో వేగం అప్పటికే సున్నా వైపు దిగుతోంది. నష్టం శిఖరాన ఉన్న 2023లో వేగం పైకి తిరిగింది. షేరు ధరను ఒక్కో షేరుపై వచ్చిన లాభంతో భాగించి చవకా ఖరీదా అని చూసే అలవాటు ఇక్కడ ఎదురు తంతుంది. 2018లో మైక్రాన్ షేరు ఆ ఏడాది లాభానికి అయిదు రెట్ల దగ్గరే దొరికింది. చూడటానికి కారుచౌక, పడిపోయింది మాత్రం అప్పుడే. 2023లో లాభమే లేదు గనక ఆ నిష్పత్తి లెక్కకే అందలేదు, లేచింది అప్పుడే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇంత స్పష్టమైన చక్రం ఉంటే అందరూ తెలుసుకుని ఎదురు నడుస్తారు, అప్పుడు చక్రమే ఉండదు కదా? 1935లో రోనాల్డ్ కోస్, రోనాల్డ్ ఫౌలర్ బ్రిటన్ పందుల లెక్కలు తీసి, నేటి ధరే రేపూ ఉంటుందని నమ్మేంత అమాయకంగా రైతులు లేరని వాదించారు. 1961లో జాన్ మ్యూత్ ఒక అడుగు ముందుకేసి, జనం హేతుబద్ధంగా ఆలోచిస్తే సాలెగూడు అల్లుకోదని గణితంతో చూపాడు. వాళ్ళ వాదంలో సగం సరైనది: రైతు అమాయకుడు కాడు. మిగతా సగం తప్పింది, ఎందుకంటే చక్రానికి అమాయకత్వం అవసరం లేదు. మేనేజరు లెక్కను మళ్ళీ చూడండి, గడువు పెరిగితే ఆర్డరు పెంచడమే అతనికి హేతుబద్ధం. కొరత భ్రమేనని తెలిసినా సరే, పక్కవాడు రెట్టింపు అడుగుతుంటే తాను నిజాయితీగా 100 అడిగి 50 తెచ్చుకుంటే అసెంబ్లీ లైన్ ఆగిపోతుంది. ఎంఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. బీరు సరఫరా గొలుసును నడిపే ఆటలో నలుగురు ఆటగాళ్ళు. కొనుగోలుదారుల గిరాకీ ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి, వారానికి 4 కేసుల నుంచి 8కి మారుతుంది. అయినా ఆర్డర్లు అలలు అలలుగా లేచిపడ్డాయి, జట్లకైన ఖర్చు సగటున కనీస ఖర్చుకు పది రెట్లయింది. ఆటగాళ్ళలో చాలామంది గిరాకీయే ఎగుడుదిగుడుగా ఉందని తిట్టుకున్నారు. 2006లో రేచెల్ క్రోసన్, కారెన్ డోనహ్యూ గిరాకీ తీరును ఆటగాళ్ళకు ముందే చెప్పి ఆడించినా ఊపులు పోలేదు.

రెండో అభ్యంతరం: ఒకప్పుడు మెమరీ కంపెనీలు అనేకం ఉండి పోటీపడి ఫ్యాబ్‌లు కట్టాయి. ఇంటెల్ 1985లో డీర్యామ్ అనే మెమరీ చిప్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంది, జర్మనీకి చెందిన కిమోండా 2009లో, జపాన్‌కు చెందిన ఎల్పిడా 2012లో దివాలా తీశాయి. ఇప్పుడు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే డీర్యామ్‌లో 90 శాతానికి పైగా వాటా. ముగ్గురే ఉంటే క్రమశిక్షణ వస్తుందన్న ఈ వాదన 2017, 2018ల్లో జోరుగా వినిపించింది. 2019లో మెమరీ అమ్మకాలు దాదాపు మూడో వంతు పడిపోయాయి. 2023లో శాంసంగ్ చిప్‌ల విభాగానికీ, ఎస్‌కే హైనిక్స్‌కూ, మైక్రాన్‌కూ భారీ నష్టాలొచ్చాయి. ఇది ఆశ్చర్యం కాదు. అమ్మేవాళ్ళు ఎందరన్నది టిన్‌బెర్గెన్ సమీకరణంలో లేనే లేదు. సంఖ్య తగ్గితే తీవ్రత కొంత తగ్గవచ్చు. ఆలస్యం మాత్రం తగ్గలేదు, ఫ్యాబ్‌లు జటిలమైన కొద్దీ పెరిగింది. భ్రమ ఆర్డర్లు పుట్టేది అమ్మేవారి దగ్గర కాదు, కొనేవారి దగ్గర. బయటి దెబ్బల సంగతో అంటారా, 2008 ఆర్థిక సంక్షోభం, 2020 మహమ్మారి గొలుసు లోపల పుట్టలేదన్నది నిజమే. దెబ్బ బయటిదే, ఆ తర్వాత కొన్నేళ్ళ ఊపు లోపలిది. కార్ల కంపెనీలు 2020 వసంతంలో చిప్‌ల ఆర్డర్లు రద్దు చేశాయి, కొన్ని నెలలకే తిరిగొచ్చి వరుసలో చివర నిలబడ్డాయి. 2021లో 77 లక్షల వాహనాల ఉత్పత్తి పోయిందని సలహా సంస్థ అలిక్స్‌పార్ట్‌నర్స్ అంచనా. వైరస్ వల్ల పోయిన దానికీ ఆలస్యం వల్ల పోయిన దానికీ తేడా అక్కడే కనిపిస్తుంది.

మూడోది, ఇప్పుడు అందరి నోటా ఉన్నది: ఏఐ గిరాకీ నిజమైనది, కాబట్టి ఈసారి పతనం ఉండదు. గిరాకీ నిజమైనదే. 2025 డిసెంబరులో మైక్రాన్, డేటా సెంటర్లకు సరఫరా చేయడానికని, క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. అయితే 2000లో ఇంటర్నెట్ గిరాకీ కూడా నిజమైనదే. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా ఇంటర్నెట్ వాడకం తగ్గలేదు. అయినా ఫిలడెల్ఫియా సూచీ 2002 అక్టోబరు నాటికి 80 శాతానికి పైగా కోల్పోయి, 2000 మార్చి నాటి శిఖరాన్ని మళ్ళీ చూడటానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. గిరాకీ అబద్ధమైతేనే పతనం వస్తుందనుకోవడం పెద్ద పొరపాటు. గిరాకీ పెరుగుదల వేగం కాస్త మందగిస్తే చాలు, గడువు 27 వారాల నుంచి 13కు తగ్గితే చాలు, ఆర్డర్లు వాటంతటవే ఆగిపోతాయి. అడగాల్సిన ప్రశ్న ఏఐ నిజమా కాదా అన్నది కాదు. ఈ రోజు పుస్తకాల్లో ఉన్న ఆర్డర్లలో వాడకం కోసం ఎన్ని, గడువు సాగినందుకు ఎన్ని అన్నది. నా వాదన ప్రకారం గడువులు సాగుతూ, అందరూ కొరత గురించే మాట్లాడుతున్న కాలమే రాబోయే మిగులుకు పునాది పడే కాలం. ఆ మిగులు ఏ త్రైమాసికంలో వస్తుందో చెప్పగలమనేవారిని నమ్మకండి.

దీని వల్ల లాభమేమిటని అడిగేవారికి షేర్ల చిట్కా ఏదీ ఇందులో దొరకదు. ఆకారం తెలిసి తేదీ తెలియని జ్ఞానంతో అప్పు చేసి షేర్లు కొన్నవాడు, వాదన సరైనదైనా దివాలా తీస్తాడు. ప్రభుత్వాలకు మాత్రం ఇందులో పాఠముంది, వాళ్ళు నేర్చుకుంటున్నట్టు లేదు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యంతో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన ప్యాకేజింగ్ యూనిట్ ఒకటి. ఇలాంటి ఆమోదాలు ఎక్కడైనా ఉప్పెనలా వచ్చేది కొరత రోజుల్లోనే, ఆ యూనిట్లు తలుపులు తెరిచేది ఒక ఆలస్యం తర్వాత. కాబట్టి మొదటి రెండేళ్ళ నష్టాన్ని తట్టుకునే పెట్టుబడి ఉందా అన్నది ఆమోదం రోజునే చూడాలి, ఎన్ని ఉద్యోగాలొస్తాయన్నది ఆ తర్వాత. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చదువుకుని బయటికొస్తున్న ఇంజనీర్లు కూడా ఒక ఏడాది నియామకాలు ఆగాయని రంగమే పోయిందనుకోకూడదు. అన్నిటికన్నా ముందు జరగాల్సింది, ఖర్చు లేనిది ఒకటుంది. ప్రతి చిప్ కంపెనీ తన చేతిలోని ఆర్డర్లలో జరిమానా లేకుండా రద్దు చేసుకోగలిగినవెన్ని, రద్దు కుదరనివెన్ని, సగటు గడువెంత అన్నది మూడు నెలలకోసారి ప్రకటించేలా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థలు నిబంధన పెట్టాలి. సమీకరణంలో మనకు కనిపించకుండా ఉన్నవి ఆ తీవ్రత, ఆ ఆలస్యమే. అవి బయటికొస్తే తేదీ అప్పటికీ తెలియదు గానీ, లబ్ధం 1.57 గీతకు ఎంత దగ్గర్లో ఉందో మాత్రం అందరికీ తెలుస్తుంది. ఆర్డర్ల మొత్తాన్ని మాత్రమే చూపించి, గిరాకీకి అంతు లేదని చెప్పుకునే వీలు కంపెనీలకు ఇక ఉండదు.